డాక్టరు గదిలోకి తోడు వెళ్లినావిడ

చిలకలూరిపేట బస్టాండులో ఒకావిడను చూసి నేను కుళ్లుకున్న సంగతి ఇప్పటికీ మరవలేదు. జిన్నింగు మిల్లులో పనిచేసే మనిషి, జడకి ఇంకా దూది అంటుకునే ఉంది. పక్కన మొగుడు. గుంటూరులో డాక్టరుకి చూపించుకుని వస్తున్నామంది.

"ఎవరికమ్మా బాగోలేనిది?" అన్నాను.

"ఈయనకే అక్కా. ఏడాదిగా మా మధ్య కాపురం లేదు. షుగరంట. అది అదుపులోకొస్తే మగతనం కూడా కుదురుకోవచ్చన్నాడు డాక్టరు."

నేను సిగ్గుతో తల దించుకుంటే అతను పకపకా నవ్వాడు. "చెప్పవే, మైకు పెట్టి చెప్పు! ఇది లోపలికి రాకపోతే నేను నోరు విప్పేవాణ్ణి కాదక్కా."

నా కడుపు మండిపోయింది. మా ఆయనదీ అదే బాధ. రెండేళ్లుగా లాడ్జీకి వచ్చే వైద్యుడి లేహ్యం పత్తి విత్తనాల సంచి వెనక దాచుకుని తింటున్నాడు. నేను చూడనట్టే తిరుగుతున్నాను.

"మా ఆయనకి అలాంటివేం లేవమ్మా" అన్నాను. ఆమె అడగనే లేదు.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. అయిదో రోజు పొద్దున్నే ఆయనతో అన్నాను: "పదండి, గుంటూరు వెళ్దాం. లోపలికి నేనూ వస్తాను."

ఎందుకని ఆయన అడగలేదు. చొక్కా తొడుక్కున్నాడు.