నేను అరగదీసిన స్కీల పదును

మీ ఉత్తరం అందింది. సుగుణమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? రావుగారి షుగరు అదుపులో ఉందా? పాపాయికి దగ్గు పోయిందా, ఇంకా వస్తూనే ఉందా? సిడ్నీ నుంచి మీరంతా మంచు చూడ్డానికి వస్తామని, దారి చెప్పమని రాశారు. దారితోపాటు నేను చేసిన తప్పు కూడా రాస్తున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

పోయిన శనివారం మా అల్లుడుగారు మొదటిసారి స్కీయింగుకు, అదే మంచు మీద జారే ఆటకు, బయల్దేరారు. ఇంట్లో కూర్చుంటే ఆయన ఎక్కడ పడ్డారోనని నాకు దడ. అందుకని అమ్మాయి లతతో నేనూ కారెక్కాను. కాన్‌బెర్రాలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే కూమా మీదుగా జిందబైన్ చేరేసరికి ఏడున్నర అయింది. దారిలో కంగారూలు అడ్డం వస్తాయి, మెల్లగా రండి.

జిందబైన్‌లో స్కీలు, అంటే బూట్ల కింద బిగించుకునే పొడుగాటి పలకలు, అద్దెకు తీసుకున్నాం. బూట్లతో కలిపి రోజుకు ఇరవై ఐదు డాలర్లు. అల్లుడుగారు తన తలకు మించి జానెడు పొడవున్న జత తీయబోతే, కొట్టు ముసలాయన ఆపాడు. "పొడుగువి జోరుగా పోతాయి గానీ తిరగవు. కొత్తవాడివి, నీ ఎత్తువే తీసుకో" అన్నాడని లత చెప్పింది. జారడానికి అడుగున మైనం పూసి ఇచ్చాడు. రెండు పక్కలా సన్నటి ఉక్కు అంచు ఉంది. ముట్టుకుంటే నా వేలు గీసుకుపోయింది.

స్కీలను గోడకు ఆనించి, నన్ను కాపలా పెట్టి వాళ్లు కాఫీకి వెళ్లారు. పడితే ఈ కత్తులు ఆయన మీదే పడతాయి కదా అనుకున్నాను. లత చిన్నప్పుడు కత్తిపీట కొంటే ముందు రాయి మీద దాని పదును చంపేదాన్ని. అలాగే రాతి మెట్టు మీద నాలుగు అంచులూ అరగదీశాను.

కొండలోంచి వెళ్లే కొత్త రైలెక్కి పైకి చేరాం. పొద్దుటి మంచు గాజులా గట్టిగా ఉంది. అందరూ ఒంపు తిరిగి ఆగుతున్నారు. అల్లుడుగారు తిరగబోతే స్కీలు పక్కకు జారిపోయాయి. నేరుగా వెళ్లి తాళ్ల కంచెకు కొట్టుకున్నారు. మణికట్టు వాచిపోయింది.

మధ్యాహ్నం అల్లుడుగారు కొట్టుకు తిరిగొచ్చి, మొద్దు స్కీలిచ్చి మనుషుల్ని చంపుతారా అని ఇంగ్లీషులో కడిగేశారు. ముసలాయన అంచు మీద గోరు నడిపి చూసుకున్నాడు. "నిన్ననే పదును పెట్టినట్టు గుర్తు. సారీ మేట్, నేనే పొరబడి ఉంటాను" అని తల దించుకున్నాడు.

"పదునుంటేనే అంచు మంచును పట్టుకుంటుందమ్మా. తిరగాలన్నా ఆగాలన్నా దాంతోనే" అంది లత. నేను చేతులు శాలువాలో దాచుకుని నిలబడ్డాను.

తిరుగుదారిలో లత కారు నడుపుతుంటే అల్లుడుగారు, "ఆ ముసలాయనకి కళ్లు కనబడవు. మనవాళ్లెవర్నీ ఆ షాపుకి వెళ్లొద్దని చెప్పాలి" అన్నారు.

ఇక దాచలేకపోయాను. "బాబూ, ఆ పదును తీసింది నేనే."

"అక్కడే చెప్పుంటే అన్ని మాటలు అనేవాణ్ణి కాదు కదా అత్తయ్యగారూ" అన్నారాయన. తన చేతి నొప్పి ఊసే ఎత్తలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

భయపడటం నాకు అలవాటే. కానీ ఆ పూట నా భయం వల్ల ఒకరికి దెబ్బ తగిలింది, ఇంకొకరు మాట పడ్డారు. మీరు స్కీలు తీసుకుంటే అంచు మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోటి నుంచి సన్నగా పొట్టు లేవాలి. లేవకపోతే మార్చమనండి, మీరు మాత్రం చెయ్యి పెట్టకండి.

కొట్టాయనకు ఫోన్ చేసి చెప్పమని లతను బతిమాలాను. "నువ్వే ఎదురుగా చెప్పాలమ్మా, పక్కన నేనుంటాను" అంది. ఆగస్టు ఇరవై నాలుగు, శనివారం, పొద్దున కొట్టు తీసే వేళకు వెళ్తున్నాం.