పూతరేకుల పొయ్యి దగ్గర వైఫై

అది 2023 వానాకాలం. కొత్తపేటలో మా కంప్యూటర్ రిపేరు షాపులో బల్ల మీద ఎప్పటిలాగే రెండు మూడు లాప్‌టాప్‌లు వెనక మూతలు విప్పుకుని బోర్లా పడుకుని ఉన్నాయి. మా కోనసీమలో కంప్యూటర్లు ముసలితనంతో పోవు, చెమ్మతో పోతాయి. రొయ్యల చెరువు గట్టు మీద వాడిన లాప్‌టాప్ ఒకటి మూత తీస్తే లోపల్నుంచి బతికున్న రొయ్యపిల్ల ఎగిరి నా బల్ల మీద పడింది. నమ్మకపోతే షాపుకి రండి, అది పడిన చోటు చూపిస్తాను. ఇప్పుడు చెప్పబోయే కేసులో మాత్రం నేను ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కల్పించాల్సిన అవసరం అందులో నాకు మిగల్లేదు.

ఆత్రేయపురం నుంచి సత్యవేణి గారని ఒకావిడ పాత లాప్‌టాప్ ఒకటి చేతిసంచిలో పెట్టుకుని వచ్చారు. కువైట్‌లో పనిచేసే మరిది వాడి వదిలేసినదట. ఆవిడా, ఆవిడ అత్తగారు వీరమ్మ గారూ ఇంట్లో పూతరేకులు చేసి ఒక కొట్టుకి ఇస్తారు. కొట్టాయన వాటిని తన పేరున్న పెట్టెల్లో పెట్టి అమ్ముకుంటాడు. ఇంతలో దోహాలో మిఠాయి దుకాణం ఉన్న మనవాడొకాయన వీళ్ళ చేతి రేకు ఎక్కడో తిని, ఇక నేరుగా మీ దగ్గరే కొంటాను, పెట్టె మీద మీ పేరే వేస్తాను అన్నాడు. కాకపోతే ఆయన అంతకుముందు వేరే ఎవరో చేసిన రేకుల్ని తమవని చెప్పి అంటగట్టినవాళ్ళ చేతిలో దెబ్బ తిన్నాడు. అందుకని, మీరు పొయ్యి దగ్గర కూర్చుని రేకు తీస్తుండగా వీడియో కాల్‌లో నా కళ్ళతో చూడాలి అన్నాడు. శుక్రవారం ఆయనకి సెలవు. ఆ మధ్యాహ్నం చూస్తాడు. కుదరకపోతే ఇంకో ఇంటిని చూసుకుంటాడు.

ఫోనులో చూపించేయవచ్చు కదమ్మా అన్నాను.

“ఫోను పిండిలో పడిందండి. వీడియో కాల్ అలవాటవుద్దని పొయ్యి పక్కన గోడకి ఆనించి చూసుకుంటన్నాను. జారి గిన్నెలోకి దిగిపోయింది. మా ఆయనది బొత్తాల ఫోనేనండి.”

లాప్‌టాప్‌లో అయితే బొమ్మ వస్తోంది, మాట వస్తోంది, నెట్ మాత్రం వచ్చి వచ్చి పోతోంది. ఈమధ్య పొయ్యి దగ్గర పెడితే అసలు రావడమే మానేసిందట. తెరిచి చూశాను. లాప్‌టాప్ లోపల వైర్‌లెస్ కార్డు అని అగ్గిపెట్టెలో సగం ఉండే పలక ఒకటి ఉంటుంది. గాలిలోంచి నెట్‌ని అందుకునేది అదే. దీని కార్డు కాళ్ళు చెమ్మకి పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. పైగా అది పాతకాలపుది, వాళ్ళింట్లో కొత్తగా పెట్టించుకున్న కనెక్షన్‌లో వేగమంతా ఏ దారిలో వస్తుందో ఆ దారే దానికి తెలియదు. ఫ్యాను విప్పితే ఒక పూటకి అట్లు పోసుకునేంత బియ్యప్పిండి రాలింది. సరే, అందులో సగం అనుకోండి.

“కార్డు మార్చేస్తే మీ రేకు దోహాలో గాలికి ఊగడం కూడా కనపడుద్దమ్మా” అని మాటిచ్చేశాను. పని అయ్యేదాకా కూర్చోబెట్టి రొయ్యపిల్ల కథ కూడా చెప్పాను. ఆవిడ మర్యాదగా ఆయ్, ఆయ్ అంటూనే విన్నారు.

కొత్త కార్డు బిగించి ఆన్ చేస్తే లాప్‌టాప్ నల్ల తెర మీద ఒక్క ముక్క రాసి ఆగిపోయింది: ఈ కార్డుకి అనుమతి లేదు. దీన్ని వైట్‌లిస్ట్ అంటారు. కొన్ని పాత లాప్‌టాప్‌లకి ఏ ఏ కార్డుల్ని లోపలికి రానివ్వాలో తయారుచేసినవాళ్ళే ముందే చెప్పి పంపుతారు. పిలుపు లేనివాణ్ణి పందిరి గుంజ దగ్గరే ఆపేసే పెళ్ళివారి పెదనాన్నలా అది మిగతావాటిని గడప దాటనివ్వదు. ఇలాంటిచోట గొడవపడకూడదు, వాళ్ళ చుట్టాన్నే వెతికి తేవాలి. నా దగ్గర చచ్చిపోయిన లాప్‌టాప్‌లతో నిండిన బియ్యం డ్రమ్ము ఉంది. అందులో అదే కంపెనీ లాప్‌టాప్ ఒకటి దొరికింది. దాన్లోంచి పాత దారీ, ఆ వేగం దారీ రెండూ తెలిసిన కార్డు తీసి, నల్లదీ తెల్లదీ రెండు యాంటెన్నా తీగలు దాని నెత్తిన నొక్కాను. ఈసారి పెదనాన్న నోరెత్తలేదు. షాపులో వీడియో గోదారిలా పారింది. సత్యవేణి గారు సంతోషంగా బస్సెక్కారు.

శుక్రవారం పొద్దున్నే వాళ్ళాయన బొత్తాల ఫోనులోంచి ఫోను వచ్చింది. నెట్ సున్నా అండీ అన్నాడు. మధ్యాహ్నానికి దోహా ఆయన వచ్చేస్తాడు. ఇలాంటప్పుడు తీసుకురండి చూద్దాం అనేవాడికి షాపు ఎందుకు? బండెక్కి కాలవ గట్టు పట్టుకున్నాను.

ఇంటి వెనక పాకలో పొయ్యి. పొయ్యి మీద బోర్లించిన కుండ. దానికి ఎదురుగా పీట మీద లాప్‌టాప్ కొత్త పెళ్ళికూతురులా ముస్తాబై కూర్చుని ఉంది. తెర చట్రం మొత్తానికి పై నుంచి టోపీలా దిగే పూల గుడ్డ కవరు తొడిగారు. తెర కనపడటానికి కిటికీ, కెమెరాకి చిన్న కన్నం. అంచున జాలరు కూడా ఉంది. వీరమ్మ గారు కుట్టారట. పొయ్యి సెగ తగలకుండా, నెయ్యి మరకలు పడకుండా.

కవరు తీసి, స్క్రూలు విప్పి, తీగలు మళ్ళీ నొక్కాను. నెట్ వచ్చింది. చూశారా అని లేచాను. వీరమ్మ గారు కవరు తొడిగారు. నెట్ పోయింది. మళ్ళీ తీశాను, మళ్ళీ నొక్కాను, మళ్ళీ వచ్చింది. మళ్ళీ తొడిగారు. అప్పుడు నాకు బుర్ర వెలిగింది. కవరు అంచు మడిచి చూస్తే లోపల వెండి రంగు రేకు మెరుస్తోంది.

ఇదేమిటమ్మా అంటే, మిఠాయి పెట్టెల్లో పరిచే అల్యూమినియం రేకు, పొరలు పొరలుగా వేసి కుట్టేను, సెగ లోపలికి రాదు అన్నారావిడ. షాపుకి ఎందుకు తేలేదు అంటే, మరకలతో ఉంది, ఉతికి ఆరేసేమండి అన్నారు సత్యవేణి గారు. లాప్‌టాప్ యాంటెన్నాలు కార్డు దగ్గర ఉండవు. కార్డు నుంచి తీగలు మూత లోంచి పైకి పాకి తెర పై అంచులో ఉంటాయి. వీళ్ళు సరిగ్గా అక్కడే లోహపు రేకు చుట్టారు. రేకు పొరలుగా చుట్టడం వీళ్ళ చేతికి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఎక్కడా సందు వదల్లేదు.

“కార్డు బాగానే ఉందమ్మా. నెట్‌ని ఈ కవరే ఆపేస్తోంది” అన్నాను.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రొయ్యపిల్ల సంగతి మా కోడలు చెప్పిందబ్బాయ్,” అన్నారు వీరమ్మ గారు. “ఇది దాని తమ్ముడా?”

నా సర్వీసులో నిజం చెప్పి ఇంత ఇరుకున పడ్డది ఆ ఒక్కసారే. నేను ముట్టుకోను, మీరే చేసి చూడండి అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ అంతటితో ఆగలేదు. నేను కనికట్టు చేస్తానేమోనని తెరని కోడలి వైపు తిప్పి, నన్ను పాక గుంజ అవతలకి పొమ్మన్నారు. కవరు తొడిగారు. పోయిందత్తయ్యా అంది కోడలు. తీశారు. వచ్చింది. తొడిగారు. పోయింది. పక్కింటావిణ్ణి పిలిచి ఆవిడ చేత కూడా తొడిగించారు. అప్పుడు నా వైపు తిరిగి, కవరు లేకపోతే సెగకి ప్లాస్టిక్ మెత్తబడదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కెమెరాలో కుండా, చేతులూ దగ్గరగా కనపడాలంటే పీట వెనక్కి జరపడానికి లేదు.

“ఆ తీగలు ఎక్కడిదాకా ఉంటాయబ్బాయ్?”

పై అంచున ఆ మూల నుంచి ఈ మూల దాకా వేలితో చూపించాను. ఆవిడ బ్లేడు తెచ్చుకుని, కవరు ఒళ్ళో పెట్టుకుని, పై అంచున కుట్టు విప్పి, అక్కడి రేకు మటుకు లాగేసి గుడ్డ వదిలేశారు. జాలరు చెక్కు చెదరలేదు. తొడిగి చూస్తే నెట్ నిండుగా ఉంది. ఇది నాకు తట్టలేదు. కత్తెరతో కవరు సగానికి కత్తిరించేద్దామని నేను నోరు తెరవబోతున్నాను కూడా.

దోహా ఆయన చెప్పిన వేళకే తెర మీదకి వచ్చాడు. సత్యవేణి గారు పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద పరిచి లాగారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు లేచింది.  ఇంకొకటి తియ్యమన్నాడాయన. తీశారు. దాన్ని కెమెరాకి దగ్గరగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నారు. రేకు వెనకాల ఆవిడ వేళ్ళు, వేలికున్న ఉంగరం తెర మీద స్పష్టంగా కనపడ్డాయి. నేను గుంజ చాటు నుంచి సిగ్నల్ వైపే చూస్తున్నాను.

“పెట్టె మీద ఎవరి పేరు వెయ్యమంటారమ్మా?” అన్నాడాయన.

సత్యవేణి గారు అత్తగారి వైపు చూశారు. వీరమ్మ గారు చెంగుతో చేతులు తుడుచుకుని, కెమెరా కన్నం దాకా వంగారు.

“ఇద్దరివీ వెయ్యి బాబూ. అది తీసుద్ది, నేను చుడతాను.”

కార్డులు అప్పటికి వందలు మార్చాను, ఆ తర్వాతా మారుస్తున్నాను. ఆ రోజు నుంచి మా షాపులో ఒక పద్ధతి మారింది. మీ దగ్గర బాగానే ఉంది, మా ఇంటికెళ్తే పనిచేయట్లేదు అని ఎవరైనా అంటే, మీరే ఏదో నొక్కి ఉంటారులెండి అని నవ్వి పంపేయడం మానేశాను. ఆ వస్తువు ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది, దాని పక్కన ఏముంటుంది, దానికి ఏం తొడుగుతారు అని అడుగుతాను. తొడిగేది ఏదైనా ఉంటే అది మరకలతోనే తెమ్మంటాను. వీలైతే దాన్ని కుట్టినవాళ్ళని కూడా వెంట తీసుకురమ్మంటాను. సగం రిపేరు వాళ్ళే చేసిపెడతారు.