మామ ముక్క, పెద్దబాపు పలక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. డిగ్రీ అప్పుడే అయిపోయింది. చదువు కొత్తగా అయిపోయినవాళ్ళకు లోకమంతా తమ సలహా కోసమే ఆగి ఉందనిపిస్తుంది కదా, నాకు కాస్త ఎక్కువగానే అనిపించేది. జనగామలో మా ఇంట్లోనే కూర్చుని పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు, ఆల్బమ్‌లు డిజైన్ చేసి బతకాలని నా ఆలోచన. దానికి కంప్యూటర్ కావాలి. బుద్ధి ఉన్నవాళ్ళు దుకాణానికి పోయి తయారై ఉన్నదాన్ని తెచ్చుకుంటారు. నేను మాత్రం విడి సామాను తెప్పించి స్వయంగా బిగిస్తానని ఊరంతా చాటాను. (బిగించడం నాకు వచ్చా అంటే, ఫోన్‌లో వీడియోలు చూడటం బాగా వచ్చు.)

బాపుకు ఇదేదీ నచ్చలేదు. "నీ దోస్తులంత హైదరాబాద్‌ల హాస్టల్ల ఉండి నౌకరి చేస్తున్రు. నువ్వు ఇంట్ల కూసోని బొమ్మలు గీస్తనంటవ్," అని గొణిగి గొణిగి, చివరికి ఒక గడువు పెట్టాడు. "ఐతారం నాటికి గా కంప్యూటర్ నడవాలె. నడిస్తె సరే. లేకుంటె సోమారం పొద్దుగాల రైలెక్కుడే." హైదరాబాద్ అంటే నాకు భయం లేదు కానీ, ఆ హాస్టల్ సాంబారు ఒకసారి తిని వచ్చాను. అమ్మను, ఇంటిని, నా ఆలోచనను వదిలేసి అక్కడికి పోవడానికి మనసు ససేమిరా అంది.

సామాను సంగతి అమ్మ తన పద్ధతిలో తేల్చింది. మా వైపు ఎవరైనా కొత్త కాపురం పెడితే చుట్టాలు తలా ఒక గిన్నె పట్టుకొస్తారు. "బిందె ఒకలు, గుండిగె ఒకలు తెచ్చినట్టే గిది సుత తలా ఒకటి తెస్తరు తియ్యి," అని ఫోన్లు కొట్టింది. డబ్బా, తెర బాపు వంతు. అన్నింటినీ మోసే పెద్ద పలక, అదే మదర్‌బోర్డు, భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే బాపు అన్న, మా పెద్దబాపు వంతు. అందులో గుచ్చే మెమరీ ముక్క మా మేనమామ వంతు. ఆయనది మహబూబాబాద్, మా నోట్లో మానుకోట. పంపకం వినగానే మామ అలిగాడు. "మేనమామను నేను. నాకేమో ఏలెడంత ముక్క, బావకేమో పలకంతదా?" అన్నాడు. ఆ ముక్క లేకపోతే కంప్యూటర్‌కు తన పేరు కూడా గుర్తుండదని అమ్మ నచ్చజెప్పాక శాంతించాడు.

"ఎసొంటిది తేవాలె బిడ్డా?" అని ఇద్దరూ విడివిడిగా నన్ను అడిగారు. "మంచిది చూసి తేండి," అని ఇద్దరికీ చెప్పాను. నా ఇంజినీరింగ్ మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. మంచిదంటే ఎవరికి ఏమిటో నేను ఆలోచించలేదు. మామ ఏడాదికో ఫోన్ మార్చే మనిషి, ఆయనకు మంచిదంటే నిన్న వచ్చింది. పెద్దబాపు తన పెళ్ళి నాటి గడియారాన్నే ఇంకా చేతికి పెట్టుకునే మనిషి, ఆయనకు మంచిదంటే ఏళ్ళ తరబడి నిలబడింది. మామ మార్కెట్లోకి అప్పుడే దిగిన కొత్త తరం మెమరీ తెచ్చాడు. దుకాణం వాడు దాదాపు అటక మీదకు చేర్చిన పాత తరం బోర్డును పెద్దబాపు ఏరి మరీ తెచ్చాడు. (బోర్డుకు మెదడులాంటి ప్రాసెసర్‌ను ఆ దుకాణం వాడే బిగించి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే దాని పని కూడా నేను పట్టేదాన్ని.)

ఐతారం పొద్దున్నే ఇద్దరూ దిగారు. వంటింట్లో బగారన్నం, కోడికూర ఉడుకుతున్నాయి. అమ్మ పసుపు కుంకుమతో వచ్చింది. "బొట్టు పెట్టకుండ కొత్త సామాను ఎట్ల ముడ్తవే?" అంది. లోపలి సామానుకు వద్దని బతిమాలి అట్టపెట్టెలకు పెట్టించాను. మా ఇంట్లో బొట్టు పెట్టిన సామాను వాపస్ పోదు, అది అమ్మ చట్టం. తర్వాత నేను స్క్రూ డ్రైవర్ పట్టుకుని, డాక్టరమ్మలా మొహం పెట్టి, పలకను డబ్బాలో బిగించాను. "చూసిన్రా, ఎంత బరువున్నదో," అని పెద్దబాపు మీసం సవరించుకున్నాడు. ఇక మామ ముక్క. పెట్టాను, దిగలేదు. తిప్పి పెట్టాను, అయినా దిగలేదు.

"జర గట్టిగ ఒత్తు బిడ్డా. కొత్తది కద, బిర్రుగుంటది," అన్నాడు మామ.

"మీ మానుకోట ముక్క మా బోర్డుకు పొసుగుతలేదు బావా. ఏ సంతల కొన్నవ్?" అన్నాడు పెద్దబాపు.

"ముక్కది కాదు బావా, నీ బోర్డు మీ తాత కాలంది ఉన్నట్టుంది. మ్యూజియంల పెట్టుకో."

బావల హాస్యం కదా, అందరం నవ్వాం. తర్వాత కొంచెం తక్కువ నవ్వాం. నేను వంగి చూస్తే అప్పుడు కనిపించింది. ముక్క అంచుకు చిన్న గాటు ఉంటుంది, బోర్డు మీది గాడిలో దానికి సరిపోయే అడ్డు ఉంటుంది. రెండూ ఎదురెదురుగా వస్తేనే ముక్క దిగుతుంది. ఇక్కడ ఆ రెండింటికీ మధ్య గోరంత తేడా. "రెండు మంచియే, కాని రెండిటికి పడది. తరాలు వేరు," అన్నాను. "గంతేనా? ఆకురాయి తే, గాటు జర పెద్దగ చేద్దాం," అంటూ మామ చెయ్యి చాచాడు. ఆ ముక్కను గుండెలకు హత్తుకుని గోడకు జరిగాను.

ఒకటి మార్చుకు రావాలి అన్నాను. "ఏది?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పెట్టెల మీది బొట్ల వైపు చూసింది. ముక్క వాపస్ పోతే అత్తగారింట్లో తన అన్న చిన్నబోతాడు. బోర్డు వాపస్ పోతే అత్తగారింటివాళ్ళ మాటలు జీవితాంతం తానే వినాలి. ఈలోగా మామ లేచి "నాకు బస్సున్నది," అంటూ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మేనమామ అన్నం ముట్టకుండా గడప దాటడమా! అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది. అదే సమయమని బాపు, "అయిపాయె కద. నేను చెప్పలే? రేపు రైలెక్కుడే," అన్నాడు.

పెద్దబాపు తమ్ముడి వైపు తిరిగాడు. "ఏడికిరా? నా బోర్డు గీడ పెట్టి పిల్లను ఏడికి తోల్తవ్? దీని ముంగట కూసోని ఎవలు పని చేస్తరు, నువ్వా?"

ఒక కాలికి చెప్పు తొడుక్కున్న మామ వెనక్కి వచ్చేశాడు. "మంచిగడిగినవ్ బావా. నా ముక్క నడువకముందే పిల్ల ఇంట్లకెల్లి ఎట్ల కదుల్తది?"

అటు సొంత అన్న, ఇటు భార్య అన్న. బాపు ఇద్దరినీ చూసి, "మీ ఇష్టం," అని కోడికూర ఉడికిందో లేదో చూడటానికి పోయాడు. మామ చెప్పు విడిచాడు. అందరం కూర్చుని తిన్నాం.

తింటూనే పోటీ మళ్ళీ మొదలైంది. నా ముక్కకు తగ్గ పలక నేనే తెస్తానని మామ, నా పలకకు తగ్గ ముక్క నేను తేలేనా అని పెద్దబాపు. ఈసారి ఇద్దరూ దుకాణాల్లోంచి నాకు ఫోటోలు పంపి, గాటు ఏ పక్కకుండాలో అడిగి మరీ కొన్నారు. అలా ఒక్క కంప్యూటర్ అడిగిన నాకు రెండు దక్కాయి. ఉన్న డబ్బాలో మామది, టీవీ బల్ల అరలో డబ్బా లేకుండా, బట్టలు విప్పినట్టు పెద్దబాపుది. తెర మాత్రం ఒక్కటే. ఎవరు వస్తే వాళ్ళ దానికి తీగ మార్చేదాన్ని. ఇద్దరూ కలిసి వచ్చిన రోజు మాత్రం కరెంటు లేదనేదాన్ని. (నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది.)

మొదట్లో పని రాలేదు. నెలలు గడిచాయి. హైదరాబాద్ మాట బాపు నోటి దాకా వచ్చేది, ఆ రెండింటినీ చూసి మింగేసేవాడు. ఎప్పటికో ఒక పెళ్ళి పత్రిక వచ్చింది, దాని వెనకే ఇంకొకటి.

ఇప్పుడు స్టేషన్ దారిలో నాకు చిన్న దుకాణం ఉంది. పిల్లలు కంప్యూటర్ బిగించుకుంటామని సలహాకు వస్తారు. ముందు బోర్డు ఏదో తేల్చుకోండి, అది ఏ తరం మెమరీ తీసుకుంటుందో చూడండి, ఆ తర్వాతే కొనండి అని గంభీరంగా చెబుతాను. మొన్న ఒకమ్మాయి, "నువ్వు సుత గట్లనే చూసుకొని కొన్నవా అక్కా?" అంది. "ఆఁ, గట్లనే," అన్నాను, ముఖం అటు తిప్పుకుని. అన్నీ చూసుకుని కొని ఉంటే అది ఆ ఐతారమే నడిచేది, పెద్దవాళ్ళు తిని, దీవించి వెళ్ళిపోయేవాళ్ళు. బాపుకు అడ్డు చెప్పేవాళ్ళు లేక, పని లేని మొదటి నెలలోనే నేను రైల్లో ఉండేదాన్ని.

మామ ఇప్పటికీ ఫోన్ చేసి, "నా ముక్క నడుస్తున్నదా బిడ్డా?" అని అడుగుతాడు. పెద్దబాపు పలక సంగతి అడుగుతాడు. రెండూ ఎప్పుడో ఆగిపోయాయి. నడుస్తున్నాయనే చెబుతాను. బొట్టు చెరగని ఆ రెండు అట్టపెట్టెలు నా బల్ల కింద ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా, ముక్కను గుండెలకు హత్తుకుని గోడకు జరిగిన ఆ ఏమీ తెలియని పిల్ల గుర్తొస్తుంది. ఇయ్యకు బిడ్డా, గట్టిగ పట్టుకో అని చెప్పాలనిపిస్తుంది.