వేళ్ళ పలక కింద ఉప్పు

నా చిన్నప్పుడు మా రేపల్లెలో గిటార్ వాయించే ఆడపిల్లను నేను చూడలేదు. అందుకే కాబోలు, నాకు గిటారే కావాలని కూర్చున్నాను. తాతయ్య నన్ను రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళాడు. అక్కడి గిటార్ల కొట్లో ఉన్నవన్నీ నాకంటే పెద్దవి. మెడ చుట్టూ నా వేళ్ళు తిరగనే లేదు. తిరుగు రైల్లో నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, మనమే చేసుకుందాంలేవే అన్నాడు.

తాతయ్య వడ్రంగి. ఊళ్ళో సగం తలుపులు ఆయన చేతివే, మా చర్చిలో బల్లలూ ఆయనవే. గిటార్ మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. చర్చిలో మూలపడ్డ పాతదాన్ని విప్పి, లోపలంతా చూసి, కొలతలు నా చేతికి తగ్గట్టు కుదించి మొదలుపెట్టాడు. అంతకు ముందు ఏడే మా నాయనమ్మ పోయింది. ఆమె జ్ఞాపకార్థ కూడికలో, ఆమెకిష్టమైన పాట నేను ఆ గిటార్ మీద వాయించాలన్నది ఆయన కోరిక. ఆ మాట పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

మెడ మీద, తీగల కింద మన వేళ్ళు ఆనే సన్నటి పలక ఉంటుంది చూడండి, దాన్ని తాతయ్య వేళ్ళ పలక అనేవాడు. దానికి గట్టి చెక్క కావాలి. నాయనమ్మ మంచం తలవైపు ఉన్న రోజ్‌వుడ్ చెక్క కోసి తీశాడు. అందులో పుచ్చు పోగా మిగిలింది ఆ ఒక్క పలకే. దాన్ని చిత్రిక పట్టి, సన్న రంపంతో మెట్లు కూర్చడానికి గాడులు కోశాడు.

అతికించే రోజు వచ్చింది. జిగురు రాసి, పలక పెట్టి, చెక్కల్ని అదిమిపట్టే క్లాంపు బిగించగానే పలక పక్కకి జారింది. సరిచేసి ఇంకా గట్టిగా బిగించాడు. ఇంకా జారింది. వంకరగా అతుక్కుంటే తీగలు అంచు దాటిపోతాయి, మళ్ళీ ఊడదీద్దామంటే పలక చీలిపోతుంది. మా వంశానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. తాతయ్య పళ్ళు బిగబట్టి క్లాంపు తిప్పి తిప్పి, చివరికి విసురుగా విప్పేసి పలక తీసి పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది.

నా ఏడుపు విని పక్కింటి మామ్మగారు వచ్చారు. ఆవిడకి ప్రపంచంలో ఏ కష్టానికైనా కారణం ఒకటే, దిష్టి. మాకేమో ఆ పట్టింపు లేదు. ఆవిడ ఎన్నిసార్లు అన్నా, మేము అవి చెయ్యమమ్మా అని తాతయ్య మర్యాదగా దాటేసేవాడు. ఆ రోజు ఆవిడ అడగలేదు. గుప్పెడు కల్లుప్పు తెచ్చి, ఆయన వద్దు వద్దంటుండగానే గిటార్ చుట్టూ తిప్పేశారు. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు కాస్తా పచ్చి జిగురు మీద రాలింది.

అయిపోయింది, ఇక మామ్మగారికి మూడింది అనుకున్నాను. తాతయ్య ముఖం ఎర్రబడింది. పెద్ద ఉప్పు పలుకులు ఒక్కొక్కటే ఏరి పారేశాడు. ఇసుకంత నలుసులు మాత్రం చేతికి దొరకలేదు. విసుగ్గా వాటి మీదే పలక పెట్టి వేలితో తోశాడు.

కదల్లేదు.

మళ్ళీ తోశాడు. ఆ నలుసులు రెండు చెక్కల్నీ కరిచి పట్టుకున్నాయి. తాతయ్య తలెత్తి, "చెల్లెమ్మా, ఆ చివర కూడా నాలుగు నలుసులు రాల్చు" అన్నాడు.

ఆవిడ ముఖం చూడాలి! తర్వాత క్లాంపులు నెమ్మదిగా, అన్నీ సమంగా బిగించుకుంటూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు. "జారేదాన్ని బిగించకూడదే అమ్మాయ్. ఎక్కడ జారుతోందో చూడాలి. దానికి కాస్త పట్టు దొరికితే, ఇంత బలం అక్కర్లేదు."

కూడిక రోజు నేను తప్పుల్తోనే వాయించాను. తాతయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఇది మా చెల్లెమ్మ ఉప్పుతో నిలబడ్డ గిటార్ అని అందరికీ చెప్పాడు. సంఘపెద్దలు ఇద్దరు ముఖాలు చిట్లించారు గానీ ఆయన లెక్కచెయ్యలేదు. వెనక బల్ల మీద కూర్చున్న మామ్మగారు మాత్రం, నేను చెప్పలేదూ అన్నట్టు తలాడించారు. దిష్టే పోయిందని ఆవిడ చివరిదాకా నమ్మారు. తాతయ్య ఏనాడూ కాదనలేదు.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. పలక మాత్రం వెంట్రుకంతైనా కదల్లేదు. నా కోపమూ ఎక్కడికీ పోలేదనుకోండి. మొన్న మా అమ్మాయి లెక్కల పుస్తకం విసిరికొట్టింది. నాకు రాదు, నేను చెయ్యను పొమ్మంది. చెయ్యి లేచింది నాకు. ఆ చేత్తోనే వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు డబ్బా తీసి, ఒక ఉప్పు పలుకు నాలిక మీద వేసుకున్నాను. అది కరిగేదాకా అక్కడే నిలబడి, వచ్చి మా అమ్మాయి పక్కన కూర్చున్నాను.

"ఎక్కడ జారుతోందే అమ్మాయ్?" అన్నాను.