డిక్షనరీ అక్క లెక్కల పరీక్ష

ఆ సూపర్‌మార్కెట్లో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆమె డిక్షనరీ అక్క. పదకొండేళ్ల క్రితం, నాలుగో వరుసలో బిస్కెట్లు, టీ పొడులు సర్దే పనికి చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండు. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. భర్త ఇళ్లకు రంగులు వేసేవాడు, పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లి వారాల తరబడి అక్కడే ఉండేవాడు. ఇంట్లో అత్తగారు, ఒకటో తరగతి చదివే కూతురు.

చేరిన మొదటి వారంలోనే ఆమెకు దిమ్మ తిరిగింది. పెట్టెలు మోయడం ఆమెకొక లెక్క కాదు. మాటలే మింగుడుపడలేదు. ఫేసింగ్ సరిగ్గా లేదని ఒకరంటారు, ప్లానోగ్రామ్ చూసుకోమని ఇంకొకరంటారు. అడిగితే నవ్వుతారేమోనని భయం. ఒకరోజు పొద్దున్నే సూపర్‌వైజరు వచ్చి, "ఆ మూల డెడ్ స్టాక్ ఉంది, తీసేయ్" అన్నాడు. ఎలుక ఏదో చచ్చిందనుకుని ఆమె చీపురూ చేటా పట్టుకొచ్చింది. తీరా చూస్తే అక్కడున్నవి ఆరు నెలలుగా ఎవరూ కొనని ఓట్స్ డబ్బాలు. పక్క వరుసల వాళ్లు వారం రోజులు నవ్వుకున్నారు.

ఆ రోజు ఇంటికి వెళ్లి కూతురి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు వెతికి తీసింది. విన్న ప్రతి మాటనూ రాసి, ఎదురుగా తనకు అర్థమైన తెలుగు పెట్టుకుంది. 'ఫేసింగ్: పాకెట్లన్నీ ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా ముందుకే చూడాలి. ఒక్కటి కూడా పక్కకి తిరక్కూడదు. ప్లానోగ్రామ్: ఏ సరుకు ఎక్కడ కూర్చోవాలో కంపెనీ వాళ్లు గీసిచ్చే పటం. ఎండ్ క్యాప్: వరుస చివర, నడిచే దారికి ఎదురుగా ఉండే స్టాండు. వీధి మొదటి ఇల్లులాంటిది, వచ్చేపోయే వాళ్ల కళ్లన్నీ దానిమీదే. షెల్ఫ్ లైఫ్: సరుకు ఆయుష్షు. మనలా కాకుండా దానికి ముందే తెలుసు, ఒంటిమీదే అచ్చేసి ఉంటుంది.'

రెండేళ్లకి ఆ పుస్తకం నిండింది. కొత్తగా చేరిన అమ్మాయిలు భోజనాల గదిలో ఆమె పక్కన చేరి, "అక్కా, ఫస్ట్ ఇన్ ఫస్ట్ ఔట్ అంటే?" అని గుసగుసగా అడిగేవాళ్లు. "ముందొచ్చిన సరుకు ముందు పోవాలమ్మా. కొత్త పెట్టె విప్పితే దాన్ని వెనక్కి తోసి పాతది ముందుకి లాగు. లేకపోతే పాతది వెనకే కూర్చుని పాడైపోతుంది" అని ఆమె అన్నం కలుపుతూనే చెప్పేది. సంగతి మేనేజరు చెవిన పడింది. పుస్తకం అడిగి తీసుకుని, జిరాక్సు తీయించుకుని, తిరిగిచ్చాడు. అప్పటినుంచి కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా మూడు రోజులు పాఠం చెప్పే బాధ్యత ఆమెమీద పడింది. అలాగని నాలుగో వరుస పని తగ్గలేదు. పాఠం పాఠమే, పెట్టెలు పెట్టెలే.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఐదుగురు సూపర్‌వైజర్లయ్యారు. ఆమె మాత్రం కాలేదు. దరఖాస్తులో 'కనీస విద్యార్హత పదో తరగతి' అనే గడి దగ్గర పెన్ను ప్రతిసారీ ఆగిపోయేది. చివరికి ఆమె చేతికింద ఫేసింగ్ నేర్చుకున్న ఓ అమ్మాయి ఆమెకే సూపర్‌వైజరుగా వచ్చింది. చురుకైన పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి. మొదటి రోజు, "అక్కా, ఏమీ అనుకోకండి" అంది. "అనుకోవడానికేముంది, నా వరుసలో సరుకు ఎక్కడుందో నీకు నేనే చూపించాగా" అని ఆమె నవ్వేసింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నలభై దాటాక ప్రైవేటుగా పదో తరగతికి కట్టింది. అత్తగారు విని బుగ్గ నొక్కుకుంది. "ఈ వయసులో పరీక్షలేంటమ్మాయ్. హాల్లో పంతులు నిన్ను చూసి లేచి నిలబడతాడేమో" అంది. అన్నదేగానీ, పరీక్షలకు ముందు నెలంతా పొద్దుటి వంట తనే చేసింది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి. లెక్కలు మాత్రం రెండుసార్లు తప్పింది. కాలేజీలో చేరిన కూతురు రోజూ పొద్దున్న పని వేళకు ముందు గంట సేపు కూర్చోబెట్టి చెప్పేది. శాతాలొస్తే ఆమె కూతురికంటే ముందే జవాబు చెప్పేది. రోజంతా తగ్గింపు ధరల చీటీలు అంటించే చేతులవి. త్రిభుజాల దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోయేది.

"అమ్మా, ఇది రుజువు చెయ్యాలి."

"రెండూ సమానమని కనపడుతూనే ఉందిగా. కనపడేదాన్ని మళ్లీ రుజువు చెయ్యడమేంటే?"

"మార్కులు దానికే ఇస్తారు, నన్నేం చెయ్యమంటావు" అనేది కూతురు.

మూడోసారి పరీక్ష తేదీ వచ్చింది. చూసుకుంటే అదే రోజు స్టాక్‌టేకింగ్. ఏడాదికోసారి దుకాణం మూసేసి, ఉన్న ప్రతి వస్తువునూ లెక్కపెట్టి, కంప్యూటరులో ఉన్న సంఖ్యతో సరిపోల్చే రోజు అది. ఆ రోజు షట్టరు దించితే లెక్క తేలేదాకా ఒక్క అగ్గిపెట్టె లోపలికి రాకూడదు, ఒక్క మనిషి బయటికి పోకూడదు. ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే ట్రేలో పెట్టేయాలి.

పదిహేను రోజుల ముందే ఆమె సెలవు అడిగింది. మేనేజరు ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు, మాట మెత్తన. "అక్కా, మీరు లేకుండా స్టాక్‌టేకింగ్ ఎలా అవుతుంది చెప్పండి. పరీక్ష రెండున్నరకేగా. మనది ఒంటిగంటకల్లా అయిపోతుంది. నా బండిమీద నేనే దింపుతాను" అన్నాడు. ఆమె సరేనంది. కూతురు మాత్రం, "నమ్ముతున్నావా?" అని అడిగింది. "నమ్మక ఏం చేస్తాం" అంది ఆమె.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి షట్టరు దిగింది. హాల్‌టికెట్టు, రెండు పెన్నులు, స్కేలు ఆమె చేతిసంచిలో ఉన్నాయి. నాలుగో వరుస పదింటికల్లా పూర్తి చేసింది. ఒక్క పాకెట్టు తేడా లేదు. తరవాత మూడో వరుసకీ సాయం పట్టింది. పన్నెండింటికి హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆడిటరు లాప్‌టాప్ ముందు కూర్చుని సంఖ్యలన్నీ కలిపాడు. కలిపి తలెత్తాడు.

"ఏడో వరుసలో వేరియన్స్ వస్తోంది. ఉండాల్సినదానికంటే తొంభై ఆరు టూత్‌పేస్టులు ఎక్కువున్నాయి."

తక్కువైతే దొంగతనమనో ఎలుకలనో సరిపెడతారు. ఎక్కువెలా వస్తాయి? కంపెనీ పద్ధతి ప్రకారం కారణం తేలితేనే షట్టరు లేస్తుంది. లోపలున్న నలభై మందీ మళ్లీ లెక్కకు దిగారు.

ఒంటిగంట దాటింది. గోడ గడియారం పాల ఫ్రిజ్ పైన ఉంటుంది. తల తిప్పకూడదనుకుంటూనే ఆమె దానివైపు చూస్తూ ఉంది. ఏసీ ఆపేశారు, లోపల అట్టపెట్టెల వాసన, సబ్బుల వాసన. ఒంటిగంటా ఇరవైకి ఏడో వరుస ఎండ్ క్యాప్ ముందు నిలబడి చూస్తే దానిమీద టూత్‌పేస్టులు సరిగ్గా తొంభై ఆరు. విషయం అర్థమైపోయింది. ఏడో వరుస లెక్క రాసింది సూపర్‌వైజరమ్మాయి. ఎండ్ క్యాప్‌ను వరుసతో కలిపి ఒకసారి రాసి, విడిగా ఇంకోసారి రాసింది.

ఆ అమ్మాయిని గోడౌను తలుపు పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. అమ్మాయి మొహం పాలిపోయింది.

"అక్కా, చెప్పకండి. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఇలాంటి తప్పు రాస్తే తీసేస్తారు."

"నువ్వే వెళ్లి చెప్పు. పొరపాటు జరిగిందంటే పోయేదేముంది."

"చెప్తాను. పది నిమిషాలివ్వండి."

ఆమె ఇచ్చింది. అమ్మాయి షీటు పట్టుకుని ఆడిటరు బల్లదాకా వెళ్లింది, తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది, మంచినీళ్లు తాగి తిరిగొచ్చింది. ఒంటిగంటా నలభై అయింది. రెండైంది. ఆమె తన వరుసలో స్టూలుమీద కూర్చునే ఉంది. పది అడుగుల దూరంలో ఆడిటరు, తను నోరు తెరిస్తే చాలు. తెరిస్తే ఆ పిల్ల ఉద్యోగం ఏమవుతుందో. తెరవకపోతే పరీక్షకి ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ పిల్లకి ఎండ్ క్యాప్ అంటే ఏమిటో చెప్పింది తనే. వరుసతో కలపాలా విడిగా రాయాలా అన్నది కూడా చెప్పానా లేదా అని గుర్తు తెచ్చుకోబోయింది, గుర్తు రాలేదు. మేనేజరును వెతికి, "సార్, నా పరీక్ష" అంది. అతను వాచీ చూసుకుని, "నా చేతుల్లో లేదక్కా. తాళం ఆడిటరు దగ్గరుంది" అన్నాడు.

రెండుంబావుకి ఆమె లేచింది. ఆడిటరు దగ్గరికి వెళ్లి, ఎండ్ క్యాప్ రెండుసార్లు పడిందని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరు రాశారని అతను అడగలేదు. షీటుమీద సంతకం ఉంది. కానీ మాటమీద లెక్క మూయడం కుదరదన్నాడు. ఏడో వరుస ఇద్దరు వేరేవాళ్లు మళ్లీ ఎంచారు, అతను ఇంకోసారి ఎంచాడు, ప్రింటు తీశాడు, అందరి సంతకాలూ పెట్టించాడు. షట్టరు లేచేసరికి మూడుంబావు.

ఆటోలో పరీక్షా కేంద్రానికి వెళ్లింది. గేటు దగ్గర కాపలావాడు చేయి అడ్డుపెట్టి, "మూడింటికే మూసేశామమ్మా" అన్నాడు.  అక్కడే సిమెంటు దిమ్మమీద కూర్చుంది. లోపల రెండో అంతస్తు కిటికీల్లోంచి వంచిన తలలు కనపడుతున్నాయి. ఐదున్నరకి గంట కొట్టేదాకా అలాగే కూర్చుని, బయటికొచ్చిన ఓ కుర్రాణ్ణి అడిగి ప్రశ్నపత్రం చూసింది. త్రిభుజం లెక్క వచ్చింది. కూతురు ముందురోజు చెప్పిందే. ఆ రోజుకు సంబంధించి ఆమె మనసును ఇప్పటికీ మెలిపెట్టేది ఆ అమ్మాయి తప్పు బయటపెట్టడం కాదు. స్టూలుమీద కూర్చున్న ఆ ముప్పావుగంట.

అమ్మాయి ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారంతే. కానీ ఇద్దరి మధ్యా మాటలు తెగిపోయాయి. ఆ వారమే డ్యూటీ పట్టిక మారింది. డిక్షనరీ అక్కను నాలుగో వరుస నుంచి తీసి గడ్డకట్టించిన సరుకుల గదికి వేశారు. ఉన్ని కోటు వేసుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే బఠాణీ సంచులు సర్దేది. తలుపు దానంతటదే మూసుకునే రకం. లోపల నిలబడితే బయటి మాట వినపడదు. ఆ పని నాలుగు నెలలు చేసింది. తరవాత మోకాళ్లు పట్టేశాయని డాక్టరు చీటీ చూపిస్తే మళ్లీ బిస్కెట్ల దగ్గరికి పంపారు.

మధ్యలో కొత్త బ్యాచి వచ్చింది. మేనేజరు ఎప్పట్లాగే, "అక్కా, రేపట్నుంచి క్లాసులు" అన్నాడు.

"నేను చెప్పను సార్."

"అదేంటక్కా, మీకు అలవాటేగా."

"మానుకుంటున్నాను."

 మర్నాడు భోజనాల గదిలో కొత్తవాళ్ల చేతుల్లో రంగు అట్టవేసిన చిన్న పుస్తకాలున్నాయి. తెరిచి చూస్తే ఫొటోకి నిలబడ్డ చుట్టాలు అందులో ఉన్నారు, వీధి మొదటి ఇల్లూ ఉంది. అట్టమీద కంపెనీ పేరుంది. పాఠం సూపర్‌వైజరమ్మాయి చెబుతోంది. ఆమె తన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లి మెట్లమీద కూర్చుని తింది.

నాలుగోసారి లెక్కలు పాసయింది. నలభై ఒక్క మార్కులు. ఆ రోజు ఇంట్లో కూతురు మార్కుల కాగితాన్ని గోడకు అంటిస్తానంది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకష్టపడి తెచ్చిన కాగితం ఇంత పల్చగా ఉందేంటమ్మాయ్" అంది.

మర్నాడు సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. అతను నిజంగానే సంతోషపడ్డాడు, లేచి చేయి కలిపాడు. తరవాత కంప్యూటరులో దరఖాస్తు తెరిచి, కిందికి జరుపుతూ జరుపుతూ ఆగిపోయాడు.

"అక్కా, మీకిప్పుడు ఎన్నేళ్లు?"

"నలభై మూడు."

"సూపర్‌వైజరుకి నలభై దాటకూడదట."

"ఈ రూలు కొత్తగా వచ్చిందా సార్?"

"లేదక్కా, మొదట్నుంచీ ఉన్నదే. మీకు పదో తరగతి లేదు కాబట్టి ఇది చెప్పాల్సిన అవసరం రాలేదు."

ఆమె కవరు సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. కాళ్లు వాటంతటవే నాలుగో వరుసకి నడిచాయి. ఎవరో కొనేవాళ్లు ఓ టీ పొడి పాకెట్టు బిస్కెట్ల మధ్యలో వదిలేసి పోయారు. తీసి దాని చోట పెట్టింది. ఏడుపు రాలేదు. 

ఇంకో వీధిలో కొత్తగా పెట్టిన దుకాణంవాళ్లు వయసు పట్టించుకోరని విని వెళ్లి అడిగింది. మాట్లాడి చూశాక ఆమె వాళ్లకి నచ్చింది. పదకొండేళ్ల అనుభవం ఉన్నట్టు పాత చోటునుంచి ఒక లెటరు తెమ్మన్నారు. ఆ లెటరు హెడ్డాఫీసు నుంచి రావాలని మేనేజరు చెప్పి ఏడు వారాలైంది. ప్రతి సోమవారం ఆమె అడుగుతుంది. "పంపానక్కా, వాళ్లే చూడాలి" అంటాడు. మీరు వెళ్లిపోతే నాకు కష్టమే అని ఒకసారి నవ్వుతూ అన్నాడు కూడా. అప్పటినుంచి ఆమెకు ఆ లెటరు అసలు పంపాడా లేదా అన్న అనుమానం పట్టుకుంది.

ఈ సోమవారం కూడా అడిగింది. అదే జవాబు వచ్చింది. వెనకవైపు సరుకు లారీ హారను కొట్టింది. ఆమె కొంగు దోపుకుని, పెట్టెలు కోసే కత్తి తీసుకుని అటు నడిచింది.