గేటు బయట చరిత్ర పాఠం

తొంభైలల్ల మేడ్చల్‌కు శామీర్‌పేటకు నడుమ ఉన్న ఒక సర్కారు డిగ్రీ కాలేజీల నేను బీఏ చదివిన. మాకు చరిత్ర చెప్పే సార్ ఒకరుండేటోరు. చేతుల సిగరెట్ లేకుంట ఆయన పాఠం చెప్పంగ నేను ఎన్నడు చూడలే. కిటికీ పక్కన నిలవడి, బూడిద బయటికి దులుపుకుంట, గోల్కొండ కోట మీదికి నీళ్లు ఎట్ల ఎక్కిచ్చిండ్రో చెప్తుంటే గంట కొట్టింది గూడ మాకు తెలిసేది కాదు.

క్లాసు అయిపోయినంక అసలు పాఠం మొదలయ్యేది. వరండా చివర ఆయనకొక చిన్న గది ఉండె. గోడలకు పాత మ్యాపులు, ఒక బల్ల, నాలుగు విరిగిన కుర్చీలు. మొగపిల్లలు, ఆడపిల్లలు అందరం పోయి కూసునేటోళ్లం. గదంత పొగ. ఆ పొగల కూసోనే నేను పీజీ ఎంట్రెన్స్‌కు తయారైన. నువ్వు రాయాలె, నీకు సీటొస్తదని మొదలు చెప్పింది ఆయనే. ఇంటికి పోతే అమ్మ ముక్కు మూసుకొని, "ఏందే, ఏ బీడీల దుకాణంల కూసోనొచ్చినవ్?" అనేది. సార్ కాడ చదువుకొనొచ్చిన అంటే ఇంకేం అనకపోయేది. అప్పట్ల మాకెవ్వరికి అది తప్పుగ అనిపియ్యలే.

కొన్నేండ్లకు నేను రాజనీతిశాస్త్రం లెక్చరర్‌నై అదే కాలేజీకి వచ్చిన. సార్ ఇంకా అక్కడ్నే ఉండె. ఆయన పక్క కుర్చీల కూసుండుడు నాకు మస్తు సంబురంగ అనిపిచ్చింది. గని ఆ సంబురం ఒక వానకాలం గూడ నిలువలే. స్టాఫ్ రూంల మొగ లెక్చరర్లు చానమంది సిగరెట్లు తాగుతరు. లారీల దుమ్ము వస్తదని కిటికీలు ఎండకాలం తెరవరు, జల్లు కొడ్తదని వానకాలం తెరవరు. తూంకుంటల ఇంటికి చేరేసరికి నాకు ఛాతిల పిల్లికూతలు మొదలయ్యేటియి. మేడ్చల్‌ల డాక్టర్ చూసి, "ఇంట్ల ఎవరు తాగుతరమ్మా?" అని అడిగిండు.

"ఇంట్ల ఎవ్వరు తాగరు. కాలేజీల తాగుతరు," అన్న.

"అయితే కాలేజీల చెప్పుండ్రి," అనుకుంట పీల్చే మందు రాసిచ్చిండు.

చెప్పిన. ఒకరు నవ్విండ్రు, ఒకరు కుర్చీ కొద్దిగ అటు జరుపుకున్నరు. సార్ మాత్రం, నేను గదిలకొస్తే లేచి వరండాలకు పోయేటోరు. గని వరండాల పొగ గూడ లోపలికే వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటినంక పొగతాగుడు మీద చట్టం వచ్చింది. కాలేజీలల్ల పొగాకు బంద్ చెయ్యాల్నని పైనుంచి ఆర్డర్ వచ్చింది. మా ప్రిన్సిపల్ గేటు కాడ పెద్ద బోర్డు రాయించి, నన్ను పిలిచి, "మేడం, దీనికి మీరే ఇన్‌చార్జి. పోరలు ఆడోళ్లను ఎదిరించరు," అన్నడు. వేరెవ్వరు ఒప్పుకోలేదని నాకు తర్వాత తెలిసింది. అయినా నాకు సంతోషమే అయింది. ఇగ స్టాఫ్ రూంల గాలి ఆడుతదనుకున్న.

ఏం జరిగిందంటే, నేను రోజు లంచ్‌ల సైకిల్ స్టాండ్ ఎనుకకు పోయి పోరలను పట్టుకునుడు, స్టాఫ్ రూంకు తిరిగొచ్చి పొగల కూసుండుడు. మెట్ల మూలలల్ల గుట్కా ఊంచిన ఎర్ర మరకలు. నల్లా కాడ చింపి పారేసిన పొట్లాలు. తోమిపిస్తే తెల్లారేసరికి మళ్ల అవే. పట్టుకున్న పోరలు తలకాయ దించుకొనే అడిగేటోళ్లు: "మేడం, సార్ల రూంల బంద్ అయిందా?" ప్రిన్సిపల్‌ను అడిగితే, "చూద్దాం మేడం, మెల్లమెల్లగ," అనేటోడు. ఆ మాట అనేటప్పుడు గూడ ఆయన వేళ్ల నడుమ సిగరెట్ ఉండేది.

ఒకనాడు ఫైనలియర్ పిలగాడొకడు ప్రిన్సిపల్‌కే దొరికిండు. వాళ్ల నాయిన శామీర్‌పేట రోడ్డు మీద షేర్ ఆటో నడిపేటాయన. కబురు పంపితే ఖాకీ అంగీతోనే వచ్చిండు. ఇన్‌చార్జినని నన్ను గూడ ఆ గదిలకు పిలిచిండ్రు.

"మీ కొడుకు కాలేజీల సిగరెట్ తాగుతుండు. చట్టం ప్రకారం ఇది నేరం, ఎరుకేనా?" అన్నడు ప్రిన్సిపల్.

"తప్పైంది సార్. ఇంటికాడ నేను చెప్పుకుంట," అన్నడు ఆ నాయిన. గని ఆయన చూపు బల్ల మీదనే ఉంది. బల్ల మీద గాజు యాష్‌ట్రే. దాంట్ల సగం కాలిన సిగరెట్ నుంచి పొగ సన్నగ పైకి లేస్తాంది.

"టీసీ ఇచ్చి పంపిస్త. ఒక్కన్ని పంపిస్తే మిగిలినోళ్లకు బుద్ధొస్తది."

"ఆఖరి సంవత్సరం సార్. పరీక్షలు దగ్గరికొచ్చినయి."

ఆ మనిషి రెండు చేతులు కట్టుకొని నిలవడ్డడు. కూసోమని ఎవ్వరు అనలే. నేను లేచి, ఆ యాష్‌ట్రే తీస్కపోయి బయట వరండా గోడ మీద పెట్టొచ్చిన.

"ఏంది మేడం ఇది?" అన్నడు ప్రిన్సిపల్.

"ఇన్‌చార్జిని నేనే గద సార్," అన్న.

టీసీ ఇయ్యలే. పిలగాడు పరీక్షలు రాసిండు. నాకు మాత్రం తెల్లారి మెమో వచ్చింది, పై అధికారి ముందల మర్యాద తప్పిన్నని.

తర్వాత స్టాఫ్ మీటింగుల నేను లేచి అడిగిన: బోర్డు మీద పిల్లలకు మాత్రమే అని రాసి ఉందా, లేకుంటే అందరికా? బస్ స్టాపు కాడ నన్ను పక్కకు పిలిచి, మంచిపని చేసినవ్, మాకూ కండ్లు మండుతున్నయి అన్న మేడంలు ఆనాడు తమ హ్యాండ్‌బ్యాగులల్ల ఏమో ఎతుక్కుంట కూసున్నరు. "ఇన్నేండ్లు లేని ఇబ్బంది ఇప్పుడెక్కడిది?" అన్నరు ఎకనామిక్స్ సార్. ఇంకొకరు, "ఇంట్ల పని చూసుకుంటే సరిపోయేదానికి కాలేజీల ఉద్యోగమెందుకు?" అన్నరు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్లే గెలుస్తరని పండ్లు బిగపట్టుకున్న.

అప్పుడు చరిత్ర సార్ లేచిండ్రు.

"ఆమె చెప్పేది కరెక్టే. చట్టం మనకూ చట్టమే. నేను మానాల్నని చాన చూసిన, నాతోని అయితలేదు. ఇగ తాగాల్నంటే గేటు బయటికి పోత," అన్నరు.

ఆయనంత పెద్దమనిషి ఆ మాట అన్నంక ప్రిన్సిపల్ గూడ సరే అనాల్సొచ్చింది. ఆ రోజు ఇంటికి పోయి మా ఆయనకు చెప్పుకుంట ఎంతో మురిసిన.

గేటుకు ఎదురుంగ, రోడ్డు అవతల, రేకుల కప్పుతోని ఒక చాయ్ హోటలుంది. సార్ క్లాసు అయిపోంగనే అక్కడికి పోయేటోరు. మళ్ల క్లాసు ఉంటేనే లోపలికి. వరండా చివర ఉన్న గదికి తాళం పడింది. ఆయన ఎనుక ఇద్దరు ముగ్గురు మొగపిల్లలు పోయిండ్రు. వాళ్లను చూసి ఇంక కొందరు. నెల తిరిగేసరికి ఆ హోటల్ బెంచీల మీద రోజు కొలువు కూడినట్టుండేది. మొదటి అంతస్తుల నిలవడి చూస్తే నాకు అన్నీ కనవడేటియి. సార్ చేతులు ఊపుకుంట చెప్పుడు, పోరలు ముందలికి ఒరిగి ఇనుడు. ఇదివరకు సిగరెట్ ముట్టని పోరల చేతులల్ల గూడ ఇప్పుడు సిగరెట్. గేటు లోపల పొగ లేదు. కాయితం మీద మా కాలేజీ మస్తు బాగుపడ్డది.

ఒకనాడు దుండిగల్ దిక్కు నుంచి వచ్చే ఒక పిల్ల నా కాడికొచ్చింది. చదువుల ముందుండేది. పీజీ ఎంట్రెన్స్ రాయాల్నని ఉంది ఆమెకు.

"మేడం, ఎంట్రెన్స్‌ల ఏమేం వస్తయో సార్ హోటల్ కాడ చెప్తున్నరంట. మొగపిల్లలు రాసుకుంటున్నరు. మేమెట్ల పోవాలె?"

నేను ఆ వయసుల ఉన్నప్పుడు నాకు దొరికిందే ఈమెకు దొరుకుతలేదు. ఎంబడే పోయి గేటు కాడ సార్‌ను పట్టుకున్న.

"సార్, ఆడపిల్లలకు మీ పాఠం అందుతలేదు."

"క్లాసుల చెప్తున్న గదమ్మా."

"క్లాసుల చెప్పేది కాదు సార్. క్లాసు అయినంక చెప్పేది."

"అది చెప్పాల్నంటే నాకు సిగరెట్ గావాలె. ఉత్త చేతులతోని మాట సాగదు. నీకు ఎరుకే గద."

"ఎరుకే సార్. మీరు లోపలికి రావొచ్చు. సిగరెట్టే రావొద్దు."

"రెండు ఒక్కటే అయినయమ్మా," అని చెయ్యెత్తి లారీని ఆపి రోడ్డు దాటిండ్రు. ఎటకారంగ అనలే. నిజంగనే అన్నరు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. ఇంత తెలిసిన మనిషి గంటసేపు ఆ ఒక్కదాన్ని పక్కకు పెట్టలేడా? ఇంటికి పోయి కూరగాయలు కోసుకుంట అదే గొణుక్కున్న. "నువ్వు అడిగిందే అయింది గద, ఇంకేంది పరేషాన్?" అన్నడు మా ఆయన. బంద్ పెట్టించింది నేనే. అది తప్పని ఇప్పటికి గూడ అనుకోను. గని దాని బరువంత తిరిగి తిరిగి ఆడపిల్లల మీదనే పడ్డది.

తెల్లారి లంచ్‌ల ఆ పిల్లను, ఇంక కొందరిని పిలిచి, "పాండ్రి, హోటల్‌కు పోదాం," అన్న.

"ఎవరన్న చూస్తే ఇంటికాడ చెప్తరు మేడం," అన్నదొకామె.

"నేనున్న గద. మా మేడం తీస్కపోయిందని చెప్పు."

రోడ్డు దాటి మేం హోటల్లకు పోంగనే మాటలన్నీ ఆగిపోయినయి. హోటలాయన గబగబ బెంచీ తుడుసుకుంట, "చాయ్ కాలేజీకే పంపేటోన్ని గద మేడం," అన్నడు. ఇక్కడ్నే తాగుతమని చెప్పిన. పోరలు లేచి జాగ ఇచ్చిండ్రు. సార్ మమ్మల్ని చూసి సిగరెట్ కింద పడేసి చెప్పుతోని నలిపిండ్రు. పాఠం ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచే ఎత్తుకున్నరు. నిజాం జమానల వెట్టిచాకిరి గురించి ఆ దుండిగల్ పిల్ల అడిగితే, తన చిన్నప్పుడు చూసినోళ్లు చెప్పిన మాటలతోని మొదలువెట్టి ఎక్కడికో తీస్కపోయిండ్రు. చేతుల అగ్గిపెట్టెను తిప్పుకుంటనే ఉన్నరు. నడుమల మాట తప్పిపోతే ఆగి, మళ్ల అందుకునేటోరు. బస్సులల్ల పోయేటోళ్లు తలకాయలు బయటపెట్టి చూస్తున్నరు. పిల్లలు చున్నీలు సదురుకుంట, అయినా ఇంటున్నరు.

పక్క బెంచీ మీద లారీ డ్రైవర్ ఒకాయన బీడీ ముట్టిచ్చిండు. అది ఆయన తప్పు కాదు, హోటల్లనే కూసున్నడు. పొగ నా మొఖం మీదికొచ్చింది. ఊపిరి అందక దగ్గుకుంట సంచిలకెళ్లి మందు తీసి పీల్చిన. పిల్లలు భయపడ్డరు. సార్ నన్ను చూసిండ్రు. అగ్గిపెట్టె జేబుల పెట్టుకొని లేచి, "పాండ్రి. రేపటి సంది లంచ్ అయినంక లోపల్నే కూసుందాం," అన్నరు.

మాట నిలవెట్టుకున్నరని చెప్పలేను, తప్పిండ్రని చెప్పలేను. తెల్లారి వచ్చి వరండా చివర గది తాళం తీసిండ్రు. ఉత్త చేతులతోని సగం గంట మంచిగనే చెప్పి, తర్వాత చెమటలు పట్టి, ఒక పిల్ల పెన్ను కింద పడేస్తే చిన్నదానికే కోపం చేసి పోయిండ్రు. మర్నాడు రాలే. ఆ పైరోజు వచ్చిండ్రు. ఆ సంవత్సరమంత అట్లనే నడిచింది. రాని రోజు పిల్లలు ఖాళీ గదిల లంచ్ డబ్బాలు సదురుకొని, గంట కొట్టేదాక ఎదురుచూసి, బస్సుకు పోయేటోళ్లు. నేను వరండాల నిలవడి హోటల్ దిక్కు చూస్తే అక్కడ బెంచీలు నిండుగ ఉండేటియి. దుండిగల్ పిల్లకు సీటొచ్చింది. తోటి పిల్లలకు రాలే. సార్ రోజు వచ్చి ఉంటే వాళ్లకూ వచ్చేదా అంటే నేను చెప్పలేను. గని ఆ ఖాళీ గది యాదికొస్తే ఇప్పటికి పండ్లు కొరుక్కుంట.

సార్ రిటైరైండ్రు. వీడ్కోలు సభల ప్రిన్సిపల్ కాలేజీల క్రమశిక్షణ గురించి చాన సేపు మాట్లాడిండు. ఆయన బాత్‌రూంల సిగరెట్ తాగుడు నాతోపాటు అందరికి తెలుసు. మళ్ల లేచి అడిగే ఓపిక నాకు ఆనాడు లేకుండె. తర్వాత నన్ను సిద్దిపేట దిక్కు బదిలీ చేసిండ్రు. తనిఖీ వస్తున్నదంటే పాత కాలేజీ గేటు కాడ బోర్డుకు కొత్త రంగు వేస్తున్నరని, గేటు ముందల తాగేటోళ్లు గుంపులు గుంపులుగ ఉండి ఆడపిల్లలు ముక్కు మూసుకొని ఆ పొగల నుంచే లోపలికి పోతున్నరని అక్కడి మేడం ఒకామె చెప్పింది.

కొన్నేండ్లకు మేడ్చల్ బస్టాండ్‌ల సార్ కనవడ్డరు. బక్కగైండ్రు గని మాట అదే మాట. నా ఛాతి ఎట్లుందని అడిగిండ్రు. నేను సిగరెట్ మానిండ్రా అని అడిగిన.

"పూర్తిగ మానలే. గని ఇంట్ల తాగుతలేనమ్మా. మనుమరాలున్నది. పొద్దున లేస్తే కథలు చెప్పమంటది. పది గంటలదాక నా ఒళ్లెనే కూసుంటది. ఆమెకు చెప్తుంటే అసలు సిగరెట్ యాదికే రాదు," అని ముసిముసిగ నవ్విండ్రు.

ఉత్త చేతులతోని మాట సాగదని గేటు కాడ అన్నది ఈ సారే. మా బస్సొచ్చింది. నమస్తే సార్ అని ఎక్కిన. కిటికీల నుంచి చెయ్యి ఊపిన గని, కండ్లకోయ స్టాపు దాటేదాక నా పక్క సీటామె ఏదో అడుగుతుంటే గూడ నాకు ఇనవడలే.