“మీరేనా?” అని అడిగే ఫోనూ, సీతారాములు సారూ

సీతారాములు సారుకు ఉన్నది ఒక్కటే జబ్బు. బడి ఖాతా గురించి ఫోన్‌లో ఏ హెచ్చరిక వచ్చినా, దాన్ని పది మందికీ విప్పి చెప్పందే ఆయనకు ముద్ద దిగదు.

శబరి నది ఒడ్డునున్న కుంట ఊళ్ళోని ఆ హాస్టలు బడిలో పిల్లల హాజరు, మార్కులు, మధ్యాహ్నం అన్నం తిన్నవాళ్ళ సంఖ్య, అన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఒకే ఖాతాలో ఉంటాయి. పంతుళ్ళ నుంచి వంటమనిషి దాకా అందరూ తమ తమ ఫోన్ల నుంచి అందులోకే వెళ్ళాలి. ఆ ఖాతాకు ఒక బాధ్యుడు కావాలని మీటింగు పెట్టిన రోజున సీతారాములు సారు సెలవులో ఉన్నారు. అందుకని ఏకగ్రీవంగా ఆయన్నే ఎన్నుకున్నారు. అందరూ దాన్ని శిక్ష అనుకున్నారు. ఆయన పదవి అనుకున్నారు.

అప్పటినుంచి రోజూ ప్రార్థన కాగానే, స్టాఫ్‌రూములో చావుకబురు తెచ్చినవాడి ముఖంతో ఆయన నిలబడేవారు.

“నిన్న ఒంటిగంటా ఏడు నిమిషాలకు ఎవరో కొత్త ఫోన్‌తోని లోపలికి వచ్చిండ్రు. ఊరు కోల్‌కతా.”

“అది నేనే సారూ, అన్నం తిన్నోళ్ళ లెక్క ఎక్కించిన” అంది వంటమనిషి హుంగే.

“అప్పుడు నువ్వెక్కడున్నవ్?”

“పొయ్యి కాడ.”

“ఇది కోల్‌కతా అంటున్నది.”

“దానికేం తెల్సు సారూ! అది ఎన్నడన్న పొయ్యి కాడికి వచ్చిందా?”

ఆ ఫోను అంతే. శబరి ఒడ్డున కూర్చున్నవాళ్ళను ఒకరోజు విశాఖపట్నంలో చూపిస్తుంది, ఇంకోరోజు రాయ్‌పూర్‌లో. హిందీ చెప్పే లలిత మేడం పాపం పుట్టి బుద్ధెరిగాక జగ్దల్‌పూర్ దాటలేదు. ఫోను లెక్కన మాత్రం సగం దేశం తిరిగింది.

అసలు తంటా అది కాదు. హెచ్చరిక కింద ఫోను ఒక ప్రశ్న అడుగుతుంది: ‘ఇది మీరేనా?’ దాని కింద రెండు మీటలు. ఒకటి ‘అవును, నేనే’. రెండోది ‘కాదు, నేను కాదు’. తానే అయితే అవునని నొక్కడమే కదా, ఇందులో కష్టమేముంది అని మీరనవచ్చు. కానీ ఆ చుట్టుపక్కల ఎన్నో ఏళ్ళుగా, ‘అక్కడున్నది నువ్వేనా?’ అని అడగడానికి రకరకాల బట్టల్లో, తుపాకులతో, రకరకాల మనుషులు వచ్చారు. ఎవరు అడిగినా, మనిషిని ఇంటికి పంపిన జవాబు ఒక్కటే. ఆ జవాబు ఆ ఊళ్ళ పిల్లలకు పాలతోపాటు వస్తుంది.

అందుచేత హుంగే ‘కాదు’ నొక్కింది. లలిత మేడం ‘కాదు’ నొక్కింది. ప్రాచార్యులు ముకేష్ సారయితే, ఆయన ఫోన్‌నే ఆయన చూసి ఉలిక్కిపడి ‘కాదు’ నొక్కారు. నొక్కినప్పుడల్లా బడి ఖాతాకు తాళం పడింది. ఏడాదిలో పందొమ్మిది సార్లు.

“హుంగే, నొక్కింది నువ్వే గద?”

“నేనే సారూ.”

“మరి కాదని ఎందుకన్నవ్?”

“అడిగెటోడు ఎవడో తెల్వకుండ ఔనని ఎట్లంట సారూ?”

ఆ మాట విన్న రోజున సీతారాములు సారు పాఠం ఇంకో అరగంట సాగేది. టవర్లు, తరంగాలు, పాస్‌వర్డులు, అన్నీ వచ్చేవి. చాయ్ చల్లారేది. గంట కొట్టినా ఆగేవారు కాదు.

వెనక కిటికీ దగ్గర కూర్చుని సోమి ఆ పాఠాన్ని సగం చెవితో వినేది, మిగతా సగంతో నోట్‌బుక్కులు దిద్దుకునేది. ఏడో తరగతికి లెక్కలు చెప్పే ‘అతిథి శిక్షకురాలు’, అంటే తాత్కాలిక టీచరు, ఆమె. అతిథి అని పేరేగానీ మర్యాదలేం ఉండవు. ఒక పని ఒక పూట ఆలస్యమైతే జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది.

ఆమె ఊరు భేజ్జి, పోలీసుల కన్ను ఎప్పుడూ ఉండే అడవి ఊరు. ఒక శుక్రవారం సాయంత్రం కబురొచ్చింది. తండ్రి బుధ్రాం దగ్గితే నెత్తురు పడుతోందట. శనివారం సెలవు పెట్టి సోమి పొద్దున్నే బయల్దేరి వెళ్ళింది. అర్ధసంవత్సర పరీక్ష మార్కులు ఎక్కించడానికి అదే రోజు రెండు గంటల వరకే గడువు. ఆమె ఫోన్‌లో చార్జింగు లేదు, ఊళ్ళో రెండు రోజులుగా కరెంటు లేదు. తమ్ముడు లచ్చు ఫోను తీసుకుని, సిగ్నలు దొరికే మిట్ట మీదికెక్కి, ముప్పై ఎనిమిది మంది మార్కులు ఎక్కించి దిగింది. అప్పుడామె తండ్రి ఊపిరి గురించి తప్ప ఇంక దేని గురించీ ఆలోచించలేదు.

సోమవారం పొద్దున సీతారాములు సారు కన్నా ముందే ప్రాచార్యులు స్టాఫ్‌రూములోకి వచ్చారు. చేతిలో ఫోను హెచ్చరికను అచ్చు తీసిన ఒక కాగితం.

పుట్టాక మొట్టమొదటిసారి ఆ ఫోను ఊరి పేరు సరిగ్గా చెప్పింది. శనివారం, ఒకటీ నలభై. తెలియని ఫోను. భేజ్జి.

లలిత మేడం చాయ్ గ్లాసు మూతి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

“కొత్త ఆదేశ్ వచ్చింది” అన్నారు ముకేష్ సారు. “తెలియని ఫోను అయితే వివరాలన్నీ పైకి పంపాలి. ఫోను ఎవరిదో వాళ్ళే పట్టుకుంటారు. మనలో ఎవరిదైనా అయితే ఇప్పుడే చెప్పండి.”

“నేను కాదు సార్” అన్నారందరూ, పాఠం అప్పజెప్పినట్టు ఒక్క గొంతుతో. అడక్కపోయినా గుమ్మం దగ్గర్నుంచి హుంగే కూడా అంది.

సోమి పెదాలు కూడా ఆ మాటే అన్నాయి. ఆమెకు కళ్ళముందు లచ్చు కనపడుతున్నాడు. రెండేళ్ళ కిందట ఎవరిదో మోటారుసైకిలు గురించి అడగాలని వాణ్ణి ఠాణాకు తీసుకుపోయారు. అడగడానికి పదకొండు రోజులు పట్టింది. తిరిగొచ్చాక ఎడమ చెవి వినిపించడం మానేసింది. ఇప్పుడు ఈ కాగితం పైకి వెళితే మళ్ళీ వాడి దగ్గరికే వస్తుంది.

ఆమె లేచి నిలబడింది. “సార్, ఆ ఫోను...”

“కూర్చో!” అని గర్జించారు సీతారాములు సారు. “నేను చెప్పేటప్పుడు నడుమ ఎవ్వరూ మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పిన?”

నిజానికి ఆయనింకా మొదలే పెట్టలేదు. సోమి బిత్తరపోయి కూర్చుంది. ఆయన జేబులోంచి ఫోను తీసి, అందరికీ కనపడేలా పైకెత్తి, ‘అవును, నేనే’ అని నొక్కారు.

“అది నేనే సార్. మా ఇంటామె పాత ఫోన్ల పెట్టి చూసిన.”

“మీరా? శనివారం మీరు ఇక్కడే కదా ఉన్నారు! ఇది భేజ్జి అంటోంది!”

“హుంగే పొయ్యి కాడుంటే కోల్‌కతా అనలేదా సార్? మీరు ఈ కుర్చీల కూర్చున్నప్పుడు నాగ్‌పూర్ అనలేదా? దీనికి ఊళ్ళెట్ల తెలుస్తయంటే, ముందు మనం టవరు సంగతి మాట్లాడుకోవాలె. టవరు అంటే...”

“సీతారాములు జీ, ఒక్కసారి ఆ ఫోను చూపిస్తే...”

“చూపిస్త సార్. కానీ ముందు తరంగం అంటే ఏందో తెలియకపోతే, ఫోను చూసి ఏం లాభం?”

తరంగం దగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి గంట కొట్టారు, రెండో గంట కొట్టారు. పాస్‌వర్డు చరిత్రలోకి దిగేసరికి ముకేష్ సారు రెండు చేతులూ జోడించారు. “బస్, సీతారాములు జీ, బస్! మీ ఫోనే. రాసుకున్నాను. పిల్లలు కాచుకున్నారు, పోనివ్వండి.” కాగితం నాలుగు మడతలు పడి ఆయన జేబులోకి పోయింది.

వరండాలో సోమి ఆయన్ని అందుకుంది. “మీకెట్ల తెల్సింది సార్?”

“ఏడో తరగతి లెక్కల మార్కులు నువ్వు గాక ఎవరు ఎక్కిస్తరు? దొంగోడు వచ్చి, కూర్చోని, సుక్కికి ముప్పై నాలుగు వేసి పోతడా?” అన్నారాయన. “శనివారమే చూసిన. ఆ ఫోన్ల నుంచి ఖాతా తీసేసిన. పాస్‌వర్డు మార్చిన. ఇంకోసారి ఇట్ల చెయ్యకు. నాయనకెట్లుంది?”

“దగ్గు తగ్గలే సార్. దవాఖానకు తేవాలె.” అంటూనే ఆమె ఆయన వెంట నడిచింది. “మీరు రోజూ మాకు చెప్పేది ఒకటి. ఇయ్యాల చేసింది...”

“అదే చేసిన. తెల్వనోళ్ళయితేనే కాదనాలె. నువ్వు నాకు తెల్సు గద బిడ్డా.”

తప్పు ఒప్పుకున్నందుకు ఏదో ఒక చర్య తీసుకోక తప్పదని, ముకేష్ సారు ఆయన్ని ఖాతాల భద్రత మీద మూడు రోజుల శిక్షణకు సుక్మా పంపించారు. ఆయన కొత్త చొక్కా వేసుకుని వెళ్ళి, నూటపన్నెండు పేజీల పుస్తకంతో తిరిగొచ్చారు. శిక్ష ఎవరికి పడిందో స్టాఫ్‌రూముకు అప్పుడు అర్థమైంది.

శుక్రవారం మొదటి పేజీతో మొదలుపెట్టారు. లలిత మేడానికి తలనొప్పి వచ్చింది. హుంగేకు పప్పు మాడుతున్న వాసన వచ్చింది. సోమి మాత్రం కిటికీ దగ్గర్నుంచి కుర్చీ ముందుకు లాక్కుని, నోట్‌బుక్కు తెరిచింది.

“కొంచెం మెల్లగ చెప్పండి సార్. రాసుకుంట.”

సీతారాములు సారు నోరు తెరిచి నిలబడిపోయారు. ఆయనకు తరవాతి మాట తట్టలేదు. గంట కొట్టినా ఆగని పాఠం ఆ పూట అక్కడితో ఆగింది.